గ్లాసున్నర పాల కథ

మా ఊళ్ళో చాక్లెట్ అనే మాటకు అర్థం వేరుగా ఉండేది. రంగు కాగితంలో చుట్టిన పంచదార బిళ్ళ ఏదైనా చాక్లెట్టే. చిత్తూరు న్యూట్రిన్ వారి బిళ్ళ చాక్లెట్టే, పుట్టినరోజున బడిలో పంచేది చాక్లెట్టే, కోకో గాలి కూడా సోకని నారింజ తొన బిళ్ళ కూడా చాక్లెట్టే. నిజమైన చాక్లెట్టును మాత్రం మేము "క్యాడ్‌బరీ" అనేవాళ్ళం. పట్నం నుంచి వచ్చిన చుట్టాల చేతిసంచిలో ఊదారంగు కాగితం అంచు కనబడితే ఆ పూట అన్నం సహించేది కాదు. ఒక కంపెనీ పేరు ఒక పదార్థానికే పేరైపోవడం కంటే వ్యాపారికి కావలసినదేముంది!

కొన్నాళ్ళ క్రితం ద్వారకా తిరుమల దాపున మా మేనమామగారి కొబ్బరితోటకు వెళ్ళాను. కొబ్బరిచెట్ల నీడన వరుసగా కోకో చెట్లు. కాయలు కొమ్మల చివర వేలాడవు, పనసకాయల్లాగా మానుకే అంటిపెట్టుకొని కాస్తాయి. పసుపుపచ్చగా పండిన కాయనొకదాన్ని కత్తితో పగలగొట్టి నా చేతికిచ్చాడు మావయ్య. లోపల సీతాఫలం గుజ్జు వంటి తెల్లని గుజ్జు, అందులో ముప్పై నలభై గింజలు. చప్పరించి చూస్తే పుల్లపుల్లగా, తియ్యగా ఉంది. చాక్లెట్టు జాడే లేదు. అప్పుడాయన ఒక మాటన్నాడు. "ఒరే అబ్బాయీ, టీవీలో ప్రకటన వేసినప్పుడల్లా పాలు ధారగా పొయ్యడం చూపిస్తాడు గాని, ఈ కాయని ఒక్కనాడూ చూపించడేంరా?"

నాకు సమాధానం తోచలేదు. ఆ ప్రశ్న వెంటబడి చదివిన చదువు ఫలితమే ఈ వ్యాసం. పాలు చూపించి కాయను దాచడం వెనుక నూట ఇరవై ఏళ్ళ చరిత్ర ఉన్నది. అందులో భక్తులున్నారు, బానిసలున్నారు, ఒక న్యాయస్థానం ఉంది, ఒక గొరిల్లా కూడా ఉంది.

*

1824లో జాన్ క్యాడ్‌బరీ అనే యువకుడు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో, బుల్ స్ట్రీట్ అనే వీధిలో, ఒక చిన్న దుకాణం తెరిచాడు. తేయాకు, కాఫీ, వాటితో పాటు తాగే కోకో అమ్మేవాడు. ఆయనది క్వేకర్ల కుటుంబం. యుద్ధాన్ని, మద్యాన్ని, ఆడంబరాన్ని, బానిసత్వాన్ని గట్టిగా వ్యతిరేకించిన క్రైస్తవ శాఖ అది. ఇంగ్లండు అధికార మతానికి లొంగనివారు కనుక ఆనాడు ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల తలుపులు వారికి మూసే ఉండేవి. చదువుతో వచ్చే పెద్ద ఉద్యోగాలకు దారి లేక చాలామంది వ్యాపారంలోకి దిగారు. బ్రిస్టల్‌లో ఫ్రై కుటుంబం, యార్కులో రౌన్‌ట్రీ కుటుంబం, బర్మింగ్‌హామ్‌లో క్యాడ్‌బరీ కుటుంబం, ముగ్గురూ క్వేకర్లే, ముగ్గురిదీ కోకో వ్యాపారమే. కార్మికుణ్ణి సారాయి కొట్టు నుంచి మళ్ళించడానికి వేడి కోకో మంచి సాధనమని వారి విశ్వాసం. పుణ్యమూ పురుషార్థమూ ఒకే గిన్నెలో దొరికాయన్నమాట.

జాన్ కొడుకులు రిచర్డ్, జార్జ్ 1861లో వ్యాపారం చేతికి తీసుకునేనాటికి అది మునిగే దశలో ఉంది. ఆ రోజుల్లో కోకోపొడిలో సగ్గుబియ్యం పిండో, బంగాళాదుంప పిండో కలపడం మామూలు. కోకోలో సహజంగా ఉండే కొవ్వును ఆ పిండి పీల్చుకునేది. కొందరు ఘనులు ఇటుకపొడి కూడా కలిపేవారట. హాలండులో వాన్ హౌటెన్ కనిపెట్టిన మర ఒకటి కోకో నుంచి కొవ్వును పిండి వేరు చేసేది. ఆ మరను తెచ్చి, 1866లో ఈ అన్నదమ్ములు కల్తీలేని కోకో పొడిని మార్కెట్లోకి దించారు. "పూర్తిగా శుద్ధమైనది, కనుకనే ఉత్తమమైనది" అని చాటుకున్నారు. కల్తీ మీద బ్రిటిష్ పార్లమెంటు చట్టాలు చేస్తున్న కాలం కావడంతో ఆ మాట ఈటెలా వెళ్ళి తగిలింది. శుద్ధత అన్న ఆ మాటను మనసులో ఉంచుకోండి, దాని ప్రస్తావన మళ్ళీ వస్తుంది.

1879లో నగరపు పొగకు దూరంగా, నాలుగు మైళ్ళ అవతల పచ్చిక బయలులో కొత్త కర్మాగారం కట్టారు. అక్కడి వాగు పేరు బోర్న్. దానికి ఫ్రెంచివారి 'విల్' తగిలించి బోర్న్‌విల్ అన్నారు. చాక్లెట్టు అంటే ఫ్రాన్సు వారిదే గొప్ప అనుకునే రోజులు కదా, ఊరి పేరు కూడా ప్రకటనే అయింది! తరువాత దాని చుట్టూ తోటలతో, ఆటస్థలాలతో, విశాలమైన పెరళ్ళున్న ఇళ్ళతో ఒక ఆదర్శ గ్రామం వెలసింది. అందులో సారాయి దుకాణం మాత్రం లేదు. కార్మికులను మనుషులుగా చూసిన యజమానులుగా క్యాడ్‌బరీలకు దేశమంతటా పేరు వచ్చింది. ఆ పేరు ఉత్తుత్తిది కాదు, సంపాదించుకున్నదే. అందుకే తరువాతి కథ అంత బాధాకరం.

*

తాగే కోకో నుంచి తినే చాక్లెట్టుకు రావడానికి మరికొన్ని మజిలీలు పట్టాయి. కోకోపొడిని, పంచదారను, పిండి తీసిన కోకో వెన్నతో కలిపి అచ్చు పోయవచ్చునని 1847లో ఫ్రై వారు కనిపెట్టారు. అది నల్లగా, కొంచెం చేదుగా ఉండేది. అందులో పాలు కలపాలని చాలామంది ప్రయత్నించి భంగపడ్డారు. పాలలో ఉండేది ఎక్కువ భాగం నీరే. కోకోలో ఉండేది కొవ్వు. నీటికీ నూనెకూ ఎన్నడు పొత్తు కుదిరింది గనుక! స్విట్జర్లండులోని వెవే పట్టణంలో దానియెల్ పీటర్ 1875లో ఆ చిక్కు విప్పాడు. పాలలో నీరు పోగొట్టి, చిక్కబరచి కలపడమే ఆయన ఉపాయం. అదే ఊళ్ళో హెన్రీ నెస్లే ఉండడం ఆయనకు కలిసివచ్చింది.

ఇరవయ్యవ శతాబ్దం మొదలయ్యేసరికి స్విస్ పాల చాక్లెట్టు ఇంగ్లండు బజారును ఏలుతున్నది. క్యాడ్‌బరీ వారు 1897లో పాలపొడితో ఒకటి తయారు చేశారు గాని అది గరుకుగా, పొడిపొడిగా ఉండి ఎవరికీ నచ్చలేదు. జార్జ్ కొడుకు, అతని పేరూ జార్జే, పట్టుపట్టి కొత్త పద్ధతి సాధించాడు. పొడికి బదులు తాజా పాలనే పంచదారతో కలిపి చిక్కగా కాచి, కోకో ముద్దతో కలిపి ఎండబెట్టడం ఆ పద్ధతి. మన కోవా కాచేవారికి ఇందులో సగం సంగతి చెప్పకుండానే అర్థమవుతుంది. అప్పటి వరకు ఉన్న ఏ బిళ్ళలోనూ లేనంత పాలపాలు ఇందులో పడ్డాయి. హైలాండ్ మిల్క్, జెర్సీ, డెయిరీ మెయిడ్ అని పేర్లు అనుకున్నారు. ప్లిమత్‌లోని ఒక దుకాణదారు కుమార్తె 'డెయిరీ మిల్క్' అంటే బాగుంటుందని అన్నదని కంపెనీలో ఒక కథ చెప్పుకుంటారు. నిజమో కాదో గాని, పాడి పాలు అని మళ్ళీ మళ్ళీ చెప్పే ఆ పేరే నిలిచింది. 1905లో అది బజారుకు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఆ కంపెనీ సరుకులన్నిటిలోకీ అమ్మకంలో అదే మొదటిది.

1905. ఈ సంవత్సరాన్ని గురించే నేను ఎక్కువగా చెప్పదలచుకున్నాను.

*

పాలు ఇంగ్లండు పల్లెల నుంచి వస్తాయి. మరి కోకో గింజలు? ఆ రోజుల్లో క్యాడ్‌బరీ వారు కొనే గింజల్లో దాదాపు సగం ఆఫ్రికా పడమటి తీరానికి ఎదురుగా, భూమధ్యరేఖ మీద ఉన్న సావో తోమే, ప్రిన్సిపే అనే రెండు చిన్న దీవుల నుంచి వచ్చేవి. అవి పోర్చుగల్ ఏలుబడిలో ఉండేవి. పోర్చుగల్ తన వలసల్లో బానిసత్వాన్ని 1870ల్లోనే రద్దు చేసింది, కాగితం మీద.

1901లో జార్జ్ అన్నకొడుకు, రిచర్డ్ కుమారుడు, విలియం క్యాడ్‌బరీ ట్రినిడాడ్ వెళ్ళినప్పుడు సావో తోమే తోటల్లో పని చేసేది బానిసలేనని విన్నాడు. అదే ఏడాది అక్కడి ఒక తోట అమ్మకానికి వచ్చింది. ఆస్తుల జాబితాలో భూమి, పశువులు, పనిముట్లతో పాటు రెండు వందల మంది నల్లజాతి కూలీల విలువ 3,555 పౌండ్లని వేశారు. కూలి ఇచ్చి పెట్టుకున్న మనిషికి వెల కట్టి అమ్మడం ఎలా కుదురుతుంది? ఈ ప్రశ్న విలియంకు తట్టకపోలేదు. బానిసత్వ నిర్మూలన ఉద్యమంలో ముందు నడిచిన శాఖ వారిది.

ఇక్కడి నుంచి ఎనిమిదేళ్ళు గడిచాయి. ఆ ఎనిమిదేళ్ళలో విలియం చేసినవేవీ చెడ్డపనులు కావు. 1903లో స్వయంగా లిస్బన్ వెళ్ళి తోటల యజమానులను, మంత్రులను కలిశాడు. సంస్కరణలు వస్తున్నాయని వారు అన్నారు, కావాలంటే మీరే మనిషిని పంపి చూసుకోండి అన్నారు. జోసెఫ్ బర్ట్ అనే క్వేకరును ఎంపిక చేశారు. ఆయన ముందు పోర్చుగీసు భాష నేర్చుకున్నాడు. 1905లో బయలుదేరి, సావో తోమేలో నెలల తరబడి ఉండి, అంగోలా, మొజాంబిక్ తిరిగి, 1907లో ఇంటికి చేరాడు. తరువాత నివేదిక రాశాడు. బ్రిటిష్ విదేశాంగ శాఖ తొందరపడవద్దని చెప్పింది. దానికొక స్వకార్యం ఉన్నది. దక్షిణాఫ్రికా గనులకు మొజాంబిక్ నుంచి కూలీలు కావాలి, మొజాంబిక్ పోర్చుగల్‌ది. ఇలా నివేదిక వెంట నివేదిక, ఉత్తరం వెంట ఉత్తరం. గింజల కొనుగోలు మాత్రం ఒక్క రోజు ఆగలేదు.

ఈలోగా హెన్రీ నెవిన్సన్ అనే ఆంగ్ల పాత్రికేయుడు ఎవరి అనుమతి కోసమూ ఆగక 1904లోనే అంగోలా వెళ్ళాడు. లోపలి ప్రాంతాల నుంచి తీరానికి మనుషులను నడిపించుకువచ్చే దారి వెంట నడిచాడు. దారి పక్క చెట్లకు వేలాడుతున్న కొయ్య సంకెళ్ళను చూశాడు. తీరానికి చేరాక ఒక అధికారి ముందు నిలబెట్టి, ఐదేళ్ళు పని చేయడానికి ఇష్టమేనా అని అడిగేవారు. జవాబు కోసం ఆగేవారు కాదు. మెడలో ఒక రేకుబిళ్ళ కట్టి ఓడ ఎక్కించేవారు. అప్పటి నుంచి ఆ మనిషి బానిస కాడు, ఒప్పందపు కూలి. ఐదేళ్ళ తరువాత ఒప్పందం దానంతటదే మళ్ళీ మొదలయ్యేది. తిరిగి ఇల్లు చేరినవాడు లేడు.

ఇది చదువుతున్నప్పుడు నాకు మన కోరంగి రేవు గుర్తుకు వచ్చింది. గోదావరి తీరం నుంచి మారిషస్ వెళ్ళిన మన తెలుగు కూలీలదీ ఐదేళ్ళ ఒప్పందమే. రేవు పేరు మీద అక్కడ వారిని కోరంగీలనేవారు. వారి కష్టాలు చిన్నవి కావు. అయినా గడువు తీరాక తిరిగి రావడానికి వారికి ఒక దారి, ఇరుకైనదే, ఉండేది. సావో తోమే వెళ్ళినవారికి ఆ ఇరుకు దారి కూడా లేదు.

నెవిన్సన్ రాసినవి 1905లో అమెరికాలోని హార్పర్స్ పత్రికలో వెలువడడం మొదలైంది, 1906లో పుస్తకంగా వచ్చాయి. అంటే, పాడి ఆవులను, పచ్చికను, పాలపిల్లను తలపించే పేరుతో డెయిరీ మిల్క్ ఇంగ్లండు దుకాణాలకు వచ్చిన ఏడాదే, అందులోని గింజల పుట్టుపూర్వోత్తరాలు కూడా అచ్చులోకి వచ్చాయి. రెంటినీ కలిపి చూసినవారు ఎందరో మనకు తెలియదు.

1908 సెప్టెంబరులో లండన్‌లోని స్టాండర్డ్ అనే పత్రిక సంపాదకీయం రాసింది. బోర్న్‌విల్ కార్మికుల మీద అంత దయ చూపేవారు సావో తోమే కార్మికుల విషయంలో కళ్ళు మూసుకున్నారని ఎత్తిపొడిచింది. ఆ పత్రికకు బానిసల మీద ప్రేమ ఎంతో గాని, క్యాడ్‌బరీల మీద కోపం మాత్రం ఉంది. జార్జ్ క్యాడ్‌బరీ చేతిలో డెయిలీ న్యూస్ అనే ఉదారవాద పత్రిక ఉండేది. దక్షిణాఫ్రికా గనుల్లో చీనా కూలీలను బానిసల్లా చూస్తున్నారని అది కన్సర్వేటివులను దుమ్మెత్తిపోసింది. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకున్నారు. క్యాడ్‌బరీ వారు పరువునష్టం దావా వేశారు.

1909 డిసెంబరులో బర్మింగ్‌హామ్‌లో, అంటే వారి సొంత ఊళ్ళోనే, విచారణ ముగిసింది. క్యాడ్‌బరీ పక్షాన రూఫస్ ఐజాక్స్, పత్రిక పక్షాన ఎడ్వర్డ్ కార్సన్. ఆస్కార్ వైల్డును అడ్డంగా ప్రశ్నించి కూలదోసిన కార్సనే ఈయన. విలియంను బోనులో నిలబెట్టి, అక్కడ ఉన్నది బానిసత్వమేనని, దానిలో మనుషులు చనిపోతున్నారని మీకు తెలుసా అని ఒక్కొక్కటిగా ఒప్పించాడు. చివరకు, 1901 నుంచి 1908 దాకా మీ కోకో తయారీలో ఎందరు బానిసలు ప్రాణాలు కోల్పోయి ఉంటారో మీరెప్పుడైనా లెక్క వేశారా అని అడిగాడు. లేదని తప్ప విలియం ఏమీ చెప్పలేకపోయాడు.

జూరీ గంటసేపు కూడా పట్టకుండా తిరిగివచ్చింది. క్యాడ్‌బరీ పరువుకు నష్టం జరిగిన మాట నిజమే, పత్రిక దోషే. నష్టపరిహారం ఒక ఫార్దింగు. పెన్నీలో నాలుగో వంతు. మన లెక్కలో చెప్పాలంటే దమ్మిడీ. దావా గెలిచారు, ఖర్చులు కూడా పత్రికే ఇచ్చుకుంది. ఆ దమ్మిడీ మాత్రం చరిత్రలో మిగిలిపోయింది.

ఈ సంగతి చదివినప్పుడు మొదట నాకు విలియం మీద కోపం వచ్చింది. రెండోసారి చదివితే అంత తేలిగ్గా తీర్పు చెప్పలేకపోయాను. ఆయన అబద్ధమాడలేదు, దాచలేదు, తన డబ్బుతో మనిషిని పంపించి నిజం తెలుసుకున్నాడు. కొనడం ఆపేస్తే మన మాటకు అక్కడ విలువ పోతుందని ఆయన వాదన. ఈ వాదన మనమూ ఎన్నోసార్లు వాడి ఉంటాం. కాని విచారణ మొదలు కావడానికి ముందే, 1909 మార్చిలో, క్యాడ్‌బరీ, ఫ్రై, రౌన్‌ట్రీ, జర్మనీకి చెందిన స్టోల్‌వెర్క్ కలిసి సావో తోమే కోకోను బహిష్కరించారు. అప్పటికి గోల్డ్ కోస్టులో గింజలు దొరుకుతున్నాయి. అంటే కొనడం ఆపడం సాధ్యపడింది, వేరేచోట దొరికిన తరువాత.

*

గోల్డ్ కోస్టు అంటే నేటి ఘనా. అక్కడ కోకో కథ వేరు. 1870ల చివర టెట్టె క్వార్షీ అనే కమ్మరి ఫెర్నాందో పో దీవి నుంచి గింజలు తెచ్చి తన ఊళ్ళో నాటాడని ఆ దేశస్థులు గర్వంగా చెప్పుకుంటారు. అక్కడ తెల్లదొరల తోటలు లేవు. చిన్న చిన్న రైతులు తమ భూముల్లో తామే వేసుకున్నారు. 1911 నాటికి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ కోకో పండించింది వారే.

బానిసత్వం లేదు, సరే. మరి ధర? 1937లో క్యాడ్‌బరీతో సహా యూరోపియన్ కంపెనీలు కూడబలుక్కొని కొనుగోలు ఒప్పందం చేసుకున్నాయి, ఒకరి మీద ఒకరు ధర పెంచకూడదని. ఘనా రైతులు ఊరుకోలేదు. నెలల తరబడి ఒక్క గింజ అమ్మకుండా బిగపట్టారు, కంపెనీల దుకాణాల్లో సరుకులు కొనడం కూడా మానేశారు. 1938లో నోవెల్ కమిషన్ వచ్చి విచారించేదాకా ఆ సమ్మె సాగింది. పాల చాక్లెట్టు ప్రకటనల చరిత్రలో ఈ సంగతి మీకు ఎక్కడా కనబడదు.

ఆ ప్రకటనల్లో కనబడేది ఏమిటంటే, గ్లాసున్నర పాలు. ప్రతి అరపౌను బిళ్ళలోనూ గ్లాసున్నర తాజా పాలు అన్న నినాదం 1928లో పుట్టింది. రెండు గ్లాసులు, ఒకటి నిండుగా, ఒకటి సగం, వాటి నుంచి ధారగా జారి చాక్లెట్టు తునకలో కలిసే పాలు. ఎంత చక్కని ఊహ! తల్లి మనసుకు నేరుగా తగిలేది. పిల్లవాడికి మిఠాయి కొనిపెడుతున్నానన్న తప్పు భావం పోయి, పాలు తాగిస్తున్నానన్న తృప్తి వస్తుంది. 1866 నాటి 'శుద్ధమైనది' అనే మాటకు ఇది మనుమరాలు. రంగు కూడా అంతే. మొదట లేత ఊదాగా ఉన్న కాగితం 1920 నాటికి ముదురు ఊదా, బంగారు రంగుల్లోకి మారింది. రాజ్యాల రంగు. (ఆ రంగు తమదేనని నమోదు చేయించుకోబోతే నెస్లే వారు అడ్డుపడి, 2013లో ఇంగ్లండు అప్పీలు కోర్టులో గెలిచారు. రంగు కోసం కోర్టుకెక్కడం పెద్దవాళ్ళకే చెల్లుతుంది.)

రెండో ప్రపంచ యుద్ధంలో తాజా పాలు చాక్లెట్టుకు వాడరాదని 1941లో ప్రభుత్వం ఆపేసింది. డెయిరీ మిల్క్ పోయి, వెన్న తీసిన పాలపొడితో చేసిన రేషన్ చాక్లెట్ వచ్చింది. మిఠాయిల మీద రేషన్ 1953లో గాని పూర్తిగా పోలేదు. లేని వస్తువు మీద మోజు ఎంత పెరుగుతుందో వేరే చెప్పాలా.

*

మన దేశానికి క్యాడ్‌బరీ కంపెనీగా వచ్చింది 1948లో, స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది. మొదట దిగుమతి, తరువాత ముంబయి దగ్గర ఠాణేలో తయారీ. 1965 నుంచి కేరళలో కోకో సాగుకు ప్రోత్సాహం. చాలాకాలం అది పిల్లల సరుకే. పెద్దవాడు వీధిలో చాక్లెట్టు తింటే నామోషీ. నూతన్‌ప్రసాద్ నోట "చాక్లెట్టు తినే వయసా" అన్నట్టు ఒక మాట ఊహించుకోండి, ఆ చూపు ఎలా ఉండేదో తెలుస్తుంది.

1994లో ఆ గోడ కూల్చింది ఓగిల్వీ సంస్థలో పీయూష్ పాండే బృందం తీసిన క్రికెట్ ప్రకటన. బ్యాట్స్‌మన్ తొంభై తొమ్మిది మీద ఉంటాడు, బంతిని గాలిలోకి లేపుతాడు, అది సిక్సరవుతుంది. పూలగౌను అమ్మాయి చేతిలో చాక్లెట్టుతో కాపలావాణ్ణి తప్పించుకొని మైదానంలోకి పరుగెత్తి, సిగ్గూ బిడియమూ లేకుండా తన ఇష్టం వచ్చినట్టు నాట్యం చేస్తుంది. శంకర్ మహదేవన్ గొంతు. అందులో పాల గ్లాసు మాట ఒక్కటీ లేదు. పెద్దవాళ్ళలోని పసితనానికి అనుమతి పత్రం ఇచ్చారు, అంతే. దానిని చూసి నవ్వుకోని ఇల్లు ఆనాడు లేదంటే అతిశయోక్తి కాదు. 2021లో అదే ప్రకటనను తిరగవేసి, ఆడేది అమ్మాయిగా, గంతులేసేది అబ్బాయిగా తీశారు. పీయూష్ పాండే 2025 అక్టోబరులో కన్నుమూశారు.

2003 అక్టోబరులో, దీపావళి ముంగిట, మహారాష్ట్రలో కొన్ని బిళ్ళల్లో పురుగులు కనబడ్డాయి. దుకాణాల్లో నిలవ ఉంచిన తీరు వల్ల వచ్చిన దోషమని కంపెనీ, కాగితం చుట్టడంలోనే లోపమని ఆహార అధికారులు. అమ్మకాలు దారుణంగా పడిపోయాయి. 2004 జనవరికల్లా గాలి చొరని కొత్త పొట్లం వచ్చింది, దానిని చేతబట్టుకొని అమితాబ్ బచ్చన్ వచ్చాడు. ఆ వెనువెంటనే నోరు తీపి చేసుకుందామన్న హిందీ నినాదం. ఇది అసలైన ఎత్తు. అప్పటి దాకా చాక్లెట్టుకు పోటీ వేరే చాక్లెట్టు. ఇప్పటి నుంచి పోటీ లడ్డుతో, మైసూరుపాకుతో. పరీక్ష పాసైనా, సంబంధం కుదిరినా, జీతం అందినా మన ఇళ్ళల్లో చేతిలో చిటికెడు పంచదారైనా పెట్టే ఆచారం ఉంది కదా, ఆ చేతిలోకి ఊదారంగు పొట్లం వచ్చి చేరింది. రాఖీకి, దీపావళికి అట్టపెట్టెలు మొదలయ్యాయి. మా ఇంట్లో పూతరేకుల డబ్బా పక్కన ఆ పెట్టె మొదటిసారి కనబడిన నాడు మా అమ్మమ్మ, "ఇదేం శుభకార్యమర్రా, నల్లటి వస్తువు ఇస్తారా?" అన్నది. తరువాత పెట్టెలో సగం ఆవిడే తినేసిందనుకోండి.

బ్రిటన్‌లోనూ ఇదే వరుస. 2006లో ఒక కర్మాగారంలో పైపు కారి సాల్మొనెల్లా క్రిమి చేరడంతో పది లక్షలకు పైగా బిళ్ళలు వెనక్కి పిలిచారు, 2007లో పది లక్షల పౌండ్ల జరిమానా పడింది. ఆ వేసవి చివరనే టీవీలో ఒక గొరిల్లా కనబడింది. కళ్ళు మూసుకొని, ఫిల్ కాలిన్స్ పాటకు డ్రమ్ములు వాయిస్తుంది. చాక్లెట్టు ఊసే లేదు. జనం విరగబడి చూశారు. జరిమానా సంగతి ఎందరికి గుర్తుందో, గొరిల్లా మాత్రం అందరికీ గుర్తుంది.

2010లో అమెరికా వారి క్రాఫ్ట్ కంపెనీ క్యాడ్‌బరీని కొనేసింది. ఫ్రై వారి పాత కర్మాగారాన్ని మూయబోమని మాట ఇచ్చి, కొన్న కొద్ది రోజులకే మాట తప్పి చీవాట్లు తిన్నది. 2012 నుంచి యజమాని పేరు మాండెలీజ్. 1854 నుంచి ఉన్న రాజముద్ర 2024 డిసెంబరులో పోయింది. క్వేకర్ల దుకాణంలో ఇప్పుడు మిగిలింది సంతకం ఒక్కటే.

*

మళ్ళీ గింజ దగ్గరికి వస్తాను. పశ్చిమాఫ్రికా కోకో తోటల్లో పిల్లల చేత పని చేయించడం మాన్పిస్తామని పెద్ద కంపెనీలన్నీ 2001లో ఒక ఒప్పందం రాసుకున్నాయి. 2020లో షికాగో విశ్వవిద్యాలయపు పరిశోధక సంస్థ ప్రకటించిన లెక్క ప్రకారం ఘనా, ఐవరీ కోస్టుల్లో కోకో పనుల్లో ఉన్న బాలకార్మికులు సుమారు పదిహేను లక్షల అరవై వేలు. బ్రిటన్‌లో డెయిరీ మిల్క్ 2009లో ఫెయిర్‌ట్రేడ్ ముద్ర వేసుకుంది. 2016లో దానిని వదిలి కంపెనీ సొంత పథకం ముద్రకు మారతామని చెప్పింది. కార్సన్ అడిగిన ప్రశ్నకు నేడు ఎవరో ఒకరు లెక్క వేస్తున్నారు, అది కొంత మెరుగే.

మన సంగతి. నేడు దేశంలో కోకో అందరికంటే ఎక్కువ పండించేది ఆంధ్రప్రదేశ్. గోదావరి జిల్లాల కొబ్బరి, పామాయిల్ తోటల నీడే అందుకు కారణం. తడ దగ్గర శ్రీసిటీలో మాండెలీజ్ పెద్ద కర్మాగారం 2016లో తెరిచింది. ఘనా, ఐవరీ కోస్టుల్లో వానలు, తెగుళ్ళు దెబ్బ తీయడంతో 2024లో ప్రపంచ ధర ఆకాశానికి ఎగిసింది. డిసెంబరులో న్యూయార్కు బజారులో టన్ను పన్నెండు వేల డాలర్లు దాటింది. మా మావయ్య వంటివారు జన్మలో చూడని ధర చూశారు. 2025లో అది దిగిరావడం మొదలైంది. కొనే కంపెనీలు వేళ్ళ మీద లెక్కించదగినన్ని, అమ్మే రైతులు వేలల్లో. గోదావరి రైతులు రోడ్డెక్కారు, గింజలు కొనడం లేదని, కొన్నా ధర కట్టడం లేదని. ఘనా రైతులు 1937లో అడిగినది కూడా దాదాపు ఇదే.

ఆ రోజు తోటలో మావయ్య గింజలు పులియబెట్టిన పెట్టెల దగ్గరికి తీసుకెళ్ళాడు. ఐదారు రోజులు అరటాకులు కప్పి ఉంచుతారు. మధ్యలో తిరగవేస్తారు. పుల్లటి, ఘాటైన వాసన. తరువాత ఎండలో ఆరబోస్తారు. కొనేవాడు వచ్చినప్పుడు గుప్పెడు గింజలు తీసి ఒక్కొక్కదాన్ని కత్తితో నిలువునా కోసి చూస్తాడట. సరిగా పులిస్తే లోపల గోధుమ రంగు. పులియకపోతే ఊదా రంగు.

"ఊదా కనబడిందా, ధర కోసేస్తాడు," అన్నాడు మావయ్య.